ఏం తీస్తారో ముందు చెప్పండి

ఐబ్రోస్ తీసేటప్పుడు దారం ఒక కొసను పళ్ల మధ్య బిగించి పట్టుకోవాలి. కస్టమర్ ముఖం మీదికి వంగి, రెండు చేతుల వేళ్లతో దారాన్ని మెలిపెడుతూ, ఊపిరి కూడా చూసుకుని తీసుకోవాలి. దుబాయ్‌లో కరామాలోని ఒక లేడీస్ సెలూన్‌లో ఏడేళ్లపాటు నేను చేసిన పని అది.

ఆ మధ్యాహ్నం కుర్చీలో ఉన్నది పెళ్లికూతురు. ఎడమ కనుబొమ సగంలో ఉండగా నాకు పొత్తికడుపులో నొప్పి మొదలైంది. అక్కణ్నుంచి నడుములోకి పాకి, ఎడమ తొడలోకి దిగింది. దవడ బిగించేసరికి దారం పుటుక్కున తెగింది. ఇంకో దారం తీసుకున్నాను. అదీ తెగింది. మూడోది తీస్తుండగా చేతులు చల్లబడిపోయాయి. ఆ తర్వాత గుర్తున్నది వ్యాక్సింగ్ గదిలో నేల మీద పడుకుని ఉండటం, ఎవరో నా పాదాలు రుద్దుతుండటం. మిగిలిన పని ఇంకో అమ్మాయి పూర్తి చేసింది. రెండు కనుబొమలూ ఒకేలా రాలేదని పెళ్లికూతురు గొడవపడి వెళ్లిందట.

సాయంత్రం సెలూన్ ఓనరు మేడమ్ నన్ను పిలిచింది. ఆవిడ హిందీలో మాట్లాడుతుంది. కోపం వచ్చినా గొంతు పెంచదు. నెలనెలా ఇదే వరస అయిందనీ, డేట్ ఆడవాళ్లందరికీ వస్తుందనీ, తనకూ వచ్చేదనీ, అయినా తాను ఒక్కరోజు కూడా షాపు మూయలేదనీ చెప్పింది. ఏదో ఒకటి చేయించుకుని ఖలాస్ చెయ్యమంది.

ఖలాస్ చెయ్యడం, అంటే ఒక్కసారిగా వదిలించేసుకోవడం. అప్పటికి నా చుట్టూ ఉన్నవాళ్లందరూ ఒక్కొక్కరూ ఒక్కో తీరులో ఇస్తున్న సలహా అదే.

నాకప్పుడు ముప్ఫై నాలుగేళ్లు. మాది కోనసీమలో ఒక పల్లె. నొప్పి నాకు పదిహేనో ఏట మొదలైంది. మజ్జిగలో మెంతులు వేసి తాగించి, పొట్ట మీద వేడినీళ్ల సీసా పెట్టి, పెళ్లయితే తగ్గుతుందన్నారు. పెళ్లయ్యాక, ఒక కాన్పు అయితే తగ్గుతుందన్నారు. పాప పుట్టిన రెండేళ్లు నిజంగానే కాస్త తెరిపిచ్చింది. తర్వాత అంతకు రెట్టింపై తిరిగొచ్చింది. తగ్గుతుందని పెద్దవాళ్లు పెట్టిన గడువులన్నీ దాటుకుంటూ నేను దుబాయ్ వరకూ వచ్చేశాను.

నా భర్త అబుదాబిలో, ముసఫా పక్కన ఐకాడ్ అనే పారిశ్రామికవాడలోని ఒక స్టీల్ ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. కంపెనీ క్యాంపులో ఉంటాడు. నేను కరామాలో ముగ్గురు ఆడవాళ్లతో కలిసి ఒక గదిలో బెడ్‌స్పేస్‌లో, అంటే ఒక్క మంచం మాత్రం అద్దెకు తీసుకుని, ఉండేదాన్ని. ఆ గదిలోకి మగవాళ్లు రాకూడదు. అందుకని రెండు వారాలకోసారి, ఆదివారం, ఆయన ముసఫా నుంచి బస్సెక్కి వస్తే మేం పార్కులో ఒక బెంచీ మీద కూర్చుని సంసారం గురించి మాట్లాడుకునేవాళ్లం. పాప మా అమ్మ దగ్గర చదువుకునేది. దానికి పదకొండేళ్లు.

ఆ వారం బెంచీ మీద మాట్లాడుకున్నది నా కడుపు గురించి. సెలూన్‌లో పడిపోయిన సంగతి విని ఆయన బెదిరిపోయాడు. ఊరికి పంపిస్తానన్నాడు. ఊళ్లో ఏం చేయిస్తారో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. మా వైపు ఆడవాళ్లు గర్భసంచిని పూర్తి పేరుతో పిలవరు, సంచి అంటారు. సంచి తీయించేసుకుంది, సంచి తీసేశారు, ఇంకా తీయించుకోలేదా, అని పిప్పి పన్ను గురించి మాట్లాడినంత తేలిగ్గా మాట్లాడతారు. మా అమ్మకు ముప్ఫై మూడో ఏట తీసేశారు. మా పిన్నికి ముప్ఫై అయిదుకు. మా పెద్దమ్మ కూతురికి ఇంకా ముందే. కడుపునొప్పి అని టౌనుకు వెళ్లడం, వారం తర్వాత ఆటోలో పడుకుని ఇంటికి రావడం, అంతే.

అమ్మ ఫోన్‌లో రోజూ అదే మాట. "పాప పుట్టేసింది కదే. ఇంక ఆ సంచితో పనేముంది నీకు? వచ్చెయ్యి. మన డాక్టరుగారు పూటలో తీసేత్తారు. నేను లేనా, నాకేమైంది?"

వద్దనడానికి నా దగ్గర కారణం లేదు. నాకూ ఇంకో బిడ్డ కావాలని లేదు. ఓనరు మేడమ్ చెప్పకముందే కరామాలో ఒక క్లినిక్‌కి రెండుసార్లు వెళ్లాను. అక్కడి డాక్టరు నన్ను తాకి కూడా చూడకుండా ఒక్క పాపేనా అని అడిగి, ఇంకొకర్ని కంటే సర్దుకుంటుందని చెప్పి, నొప్పికి ఇంజెక్షన్ చేయించి పంపేశాడు. ఒకరు కనమంటారు, ఒకరు తీసేయమంటారు. అసలు లోపల ఏముందని మాత్రం ఎవరూ అడగలేదు. అయినా విసిగిపోయి, సరే, టికెట్ తీయమని నా భర్తతో చెప్పాను.

టికెట్ తీయలేదు. ఎందుకంటే ఆ మర్నాడు పాప ఫోన్ చేసింది. స్కూల్లో ఏదో డాన్సు గురించి గలగలా చెప్పి, మధ్యలో ఆగి, "అమ్మా, నువ్వు సంచి తీయించుకోడానికి వస్తున్నావంట కదా. పెద్దయ్యాక నాకు కూడా తీస్తారా?" అని అడిగింది.

భయపడుతూ అడగలేదు. మా ఇంట్లో ఆడవాళ్లకి జరిగేదే కదా, తన వంతు ఎప్పుడొస్తుందో తెలుసుకుందామని అడిగింది. తీయరమ్మా అని మాత్రం అన్నాను. ఎందుకు తీయరు అంది. ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు కోపం తగ్గలేదు. ఎవరి మీదో తెలియదు, కానీ అప్పటికి నొప్పికి భయపడటం తప్ప దాని మీద కోపం తెచ్చుకోవడం నాకు అలవాటు లేదు. ఆ రోజు వచ్చింది.

మా గదిలో నా కింది మంచం, మేమంతా అక్క అని పిలిచే ఆవిడది. కృష్ణాజిల్లా మనిషి. ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. డ్యూటీ నుంచి రాగానే స్నానం చేసి, బైబిలు రెండు పేజీలు చదువుకుని, ఆ తర్వాతే ఎవరితోనైనా మాట్లాడేది. ఆమె నా సంగతి ఎప్పట్నుంచో గమనిస్తోంది. నా తలగడ కింద ఖాళీ మాత్రల రేకులు చూసింది. నేనుగా చెప్పేదాకా ఆగింది. పాప అడిగిన మాట చెప్పినప్పుడు ఆమె లేచి కూర్చుని నన్ను ప్రశ్నలడగడం మొదలుపెట్టింది. డేట్ రోజుల్లో దొడ్డికి వెళ్తే నొప్పిగా ఉంటుందా? కాల్లోకి లాగుతుందా? ఊరికెళ్లినప్పుడు మీ ఆయనతో ఉంటే నొప్పి పుడుతుందా? ఆఖరి ప్రశ్నకు నేను తల తిప్పుకున్నాను.

"సిగ్గు పడకమ్మాయ్. పందొమ్మిదేళ్ల నించి పడతన్నావు, ఎవరూ ఈ మాటలు అడగలా?" అంది.

అడగలేదు. ఆమె తన ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ దగ్గర నాకు టైమ్ తీసుకుంది. సెలూన్‌కి సెలవు పెట్టి వెళ్లాను. ఆవిడ పెద్దావిడ, హిందీ మాట్లాడుతుంది. అక్క అడిగిన ప్రశ్నలే ఇంకా వివరంగా అడిగింది. నేను చెబుతుంటే మధ్యలో ఆపలేదు. పరీక్ష చేసింది, స్కాన్ రాసింది, ఎమ్మారై రాసింది. ఇన్సూరెన్స్‌వాళ్లు మొదట కుదరదన్నారు. ఆవిడ ఇంకో ఉత్తరం రాసిచ్చాక ఒప్పుకున్నారు.

రిపోర్టులు వచ్చిన రోజు ఆవిడ కంప్యూటర్ తెర నా వైపు తిప్పింది. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట కూడా పెరుగుతోందని చెప్పింది. దాని పేరు ఎండోమెట్రియోసిస్. నెలనెలా లోపలి పొరతోపాటు అదీ రక్తం కారుస్తుంది. ఆ రక్తానికి బయటికి పోయే దారి ఉండదు. ఎడమ అండాశయంలో అది గడ్డకట్టి నిమ్మకాయంత తిత్తి అయింది. వెనక పేగు గర్భసంచికి అతుక్కుపోయింది. కాల్లోకి నొప్పి దిగడానికి కారణం కూడా అదేనంది.

నేను ఏడ్చాను. బాధతో కాదు. పదిహేనో ఏట నుంచీ ఓర్చుకోలేని పిల్లనని పేరు తెచ్చుకున్నాను. అమ్మా, అత్తా, ఓనరు మేడమ్, అందరికీ వచ్చేదే కదా అంటే, అందరూ భరిస్తున్నారు, నేనే చేతగానిదాన్ని అనుకుని బతికాను. ఆ తెర మీద నల్లగా, బూడిదరంగులో కనిపిస్తున్నది చూసి, ఇది నాకు నిజంగా ఉంది, నేను కల్పించుకోలేదు అని ఏడ్చాను. డాక్టరమ్మ టిష్యూ డబ్బా నా వైపు జరిపింది.

అప్పుడు అడిగాను, గర్భసంచి తీసేస్తే పోతుందా అని. ఆవిడ సూటిగా చెప్పింది. జబ్బు సంచి బయట ఉంది. సంచి ఒక్కటీ తీసేసి, బయట అతుక్కున్నవి వదిలేస్తే నొప్పి ఉండిపోవచ్చు. ఇంకా వయసున్నదాన్ని కాబట్టి అండాశయాలు తీయడం గురించి తేలిగ్గా ఆలోచించకూడదు. ముందు మాత్రలు వాడి చూద్దాం. తగ్గకపోతే పొట్ట మీద చిన్న చిన్న రంధ్రాలు పెట్టి చేసే ల్యాప్రోస్కోపీలో, అతుక్కున్నవాటిని వెతికి తీసేయొచ్చు. అయితే అది చిన్న ఆపరేషన్ కాదు. పేగుకు దగ్గరగా చెయ్యాలి. పేగు దెబ్బతింటే కొన్నాళ్లు మలం పోవడానికి పొట్టకు బ్యాగ్ తగిలించాల్సి రావచ్చు. అంతా బాగా జరిగినా కొన్నేళ్లకు మళ్లీ రావచ్చు. ఈ మాటలన్నీ ఆవిడ ఒక్కటి కూడా దాచకుండా చెప్పింది. అందుకే నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

మూడు నెలలు మాత్రలు వాడాను. నొప్పి సగం తగ్గింది కానీ కాల్లో లాగడం అలాగే ఉంది. రక్తం ఎప్పుడు కనిపిస్తుందో తెలియదు. ఊరికే కళ్లల్లో నీళ్లు తిరిగేవి. ఫేషియల్ చేస్తూ చేస్తూ కస్టమర్ ముఖం మీద కన్నీటి చుక్క పడితే, గులాబీ నీళ్లని చెప్పాను.

మా ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని డాక్టరమ్మ అంతకుముందే అడిగింది. ఆ మాట అక్కతో అంటే, మీ అమ్మకు అసలేం తీశారో కాగితం ఉందేమో చూడమంది. అమ్మ దగ్గర కాగితాలన్నీ మంచం కింద ట్రంకుపెట్టెలో ఉంటాయి. పాపతో వెతికించాను. అది ఒక పసుపుపచ్చని కాగితం బయటికి తీసి, మడతలు సరిచేసి, ఫోటో తీసి పంపింది. అక్క ఫోన్ తెర పెద్దది చేసి చదివింది.

అమ్మకు గర్భసంచి ఒక్కటే కాదు, రెండు అండాశయాలూ తీసేశారు. జబ్బు ఏమిటన్న చోట కడుపునొప్పి అని మాత్రమే ఉంది.

అక్క నాకు విడమర్చి చెప్పింది. ముప్ఫై మూడేళ్లకే రెండూ తీసేస్తే శరీరానికి అందాల్సిన హార్మోను ఒక్కసారిగా ఆగిపోతుంది. ఒళ్లంతా ఆవిర్లు వస్తాయి. ఎముకలు గుల్లబారతాయి. అందుకు మందులు ఇవ్వాలి. అమ్మకు ఏ మందులూ ఇవ్వలేదు. నాకు వరసగా గుర్తుకొచ్చాయి. శీతాకాలంలో కూడా అమ్మ వీపు మీద తడిగుడ్డ వేసుకుని అరుగు మీద కూర్చునేది. చిన్నమాటకు విరుచుకుపడి, తర్వాత పశ్చాత్తాపపడి మమ్మల్ని దగ్గరకు తీసుకునేది. చేతిపంపు దగ్గర జారి మామూలుగా పడితేనే మణికట్టు విరిగింది. అమ్మది వేడి ఒళ్లు అనీ, కోపిష్ఠి అనీ మా ఇంట్లో చెప్పుకునేవాళ్లం. నేనూ చెప్పుకున్నాను.

ఈ సంగతి అమ్మకు చెప్పాలా వద్దా అని వారం రోజులు కొట్టుకున్నాను. ఇరవయ్యేళ్లు దాటిపోయింది, ఇప్పుడు తెలిసి ఏం లాభం అని నా భర్త అన్నాడు. అక్క మాత్రం, అది ఆమె ఒళ్లు, ఆమెకి తెలియాలి అంది. నా సెలవు రోజున, మధ్యాహ్నం అమ్మ అన్నం తిని తీరిగ్గా ఉన్నప్పుడు వీడియో కాల్ చేసి చెప్పాను. అక్క చెప్పినట్టే, ఒక్కో ముక్కా నిదానంగా.

అమ్మ అంతా విని, లేచి వెళ్లింది. ఫోన్ గోడకు ఆనించి ఉంది, ఖాళీ కుర్చీ కనిపిస్తోంది. కుండలో నీళ్లు ముంచుకున్న చప్పుడు వినిపించింది. తిరిగొచ్చి కూర్చుని, కొంగుతో మెడ తుడుచుకుంది.

"అయితే ఈ మంటలన్నీ అందుకేనన్నమాట" అంది. "నేనేదో పాపం సేసుకున్నాను అనుకున్నానే."

నిన్నెవరూ అడగలేదా అమ్మా అన్నాను.

"ఎవరడుగుతారు? నేనప్పటికే మంచం మీదున్నాను. మీ నాన్న సంతకం పెట్టేరు. ఆయనకి మాత్రం ఏం తెలుసు, పెట్టమంటే పెట్టేరు."

తర్వాత ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఫోన్‌ను ముఖానికి దగ్గరగా తెచ్చుకుని, "నువ్వు మాత్రం అడుగు. ఏం తీత్తారో, ఎందుకు తీత్తారో, అన్నీ అడిగే సేయించుకో. ఇక్కడికి రాకు" అంది. నిన్నటిదాకా వచ్చెయ్యమని రోజూ పోరిన మనిషి ఆవిడే.

నేను ఆపరేషన్ చేయించుకోవాలని నిశ్చయించుకున్నది ఆ మధ్యాహ్నమే. నొప్పి పూర్తిగా తగ్గిపోతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. బ్యాగ్ అంటే నాకు భయం పోలేదు. బ్యాగ్ తగిలించుకుని కస్టమర్ల మీదికి ఎలా వంగాలా అని నిలబడి అద్దంలో చూసుకున్నాను కూడా. కానీ తెలిసీ తెలియక ఎవరో ఒకరు నా బదులు ఖాయం చేసేదాన్ని మాత్రం ఒప్పుకోదలచుకోలేదు.

పార్కులో నా భర్తతో చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. ఊళ్లో అయితే మంచినీళ్లు ఇవ్వడానికైనా మనిషి ఉంటుంది, ఇక్కడ నీకెవరున్నారు, నాకు వారం కంటే సెలవివ్వరు అన్నాడు. పేగుకేమైనా అయితే ఎట్లా అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. భయపడ్డాడు. భయం కొద్దీ, తనకు తెలిసిన దారికి నన్ను మళ్లించాలని చూశాడు. మా అమ్మను చూసి కూడా అదే దారంటారా అన్నాను. ఆయన చాలాసేపు చెప్పుల కొసతో గడ్డి గీకుతూ కూర్చున్నాడు. బస్సు టైమ్ అయ్యి లేచేటప్పుడు, ఆపరేషన్ ఏ రోజో చెప్పు, ఆ వారమే సెలవు పెడతానన్నాడు.

డాక్టరమ్మ దగ్గరికి ఒక కాగితం మీద ప్రశ్నలు రాసుకుని వెళ్లాను. ఇలాంటివి మీరు ఎన్ని చేశారు? పేగు డాక్టరు కూడా పక్కన ఉంటారా? లోపల అనుకోనిది కనిపిస్తే ఏం చేస్తారు? ఏవేవి తీస్తారు, ఏవి ముట్టుకోరు? పదో తరగతి చదివిన సెలూన్ పిల్ల డాక్టర్ని ఇలా నిలదీయొచ్చా అని ఒకపక్క అనిపిస్తూనే ఉంది. ఆవిడ ఏ ప్రశ్నకూ నొచ్చుకోలేదు. ఒకదానికి మాత్రం, అది లోపల చూస్తే గానీ చెప్పలేనంది. తెలియదని ఒప్పుకున్న డాక్టర్ని నేను చూడటం అదే మొదలు.

సెలూన్‌లో నెల రోజులు సెలవు అడిగాను. మేడమ్ లెక్కలేసుకుని, పెళ్లిళ్ల సీజన్ అనీ, కుర్చీ ఖాళీగా ఉంచలేననీ చెప్పింది. తిరిగొచ్చేసరికి నా చోటు ఉంటుందో లేదో మాట ఇవ్వలేనంది. పర్వాలేదు మేడమ్, నేను వెళ్తున్నాను అన్నాను. ఆ మాట నా నోట్లోంచి అంత తేలిగ్గా వస్తుందని నేనే అనుకోలేదు.

ఆపరేషన్‌కి ముందు రోజు ఆసుపత్రిలో చేరాను. నా భర్త ముసఫా నుంచి నేరుగా వచ్చాడు, బట్టల సంచితో. కౌంటర్ దగ్గరున్నాయన సమ్మతి పత్రం తీసి, అలవాటు కొద్దీ కాబోలు, పెన్నుతో సహా నా భర్త ముందు పెట్టాడు. నా భర్త పెన్ను తీసుకోలేదు. నా వైపు చూశాడు.

"ఆపరేషన్ నాకు. నేను పెడతాను" అన్నాను హిందీలో. కౌంటర్ ఆయన సారీ చెప్పి కాగితం ఇటు జరిపాడు.

నేను వెంటనే పెట్టలేదు. అక్కను పిలిపించాను. ఆమె యూనిఫామ్‌లోనే కిందికి దిగి వచ్చి, నాతోపాటు నిలబడి ప్రతి వాక్యం తెలుగులో చెప్పింది. అవసరమైతే ఇతర భాగాలు కూడా అని ఉన్న చోట నేను ఆగాను. ఈ ముక్క నాకు వద్దన్నాను. కౌంటర్ ఆయన ఇది అందరికీ ఇచ్చే కాగితమే అన్నాడు. అందరి సంగతి నాకు తెలియదు, నాకు మాత్రం రాసివ్వండి అన్నాను. వెనక లైన్లో వాళ్లు విసుక్కున్నారు. నా భర్త నా మోచేయి పట్టుకుని మెల్లగా లాగాడు. నేను కదల్లేదు. చివరికి డాక్టరమ్మకు ఫోన్ వెళ్లింది. ఆవిడ వచ్చి, ఆ వాక్యం కొట్టేసి, ప్రాణాపాయం వస్తే తప్ప గర్భసంచిగానీ అండాశయాలుగానీ తీయకూడదని తన చేత్తో రాసి సంతకం పెట్టింది. దాని కింద నేను తెలుగులో సంతకం పెట్టాను. ఇంగ్లీషులో కూడా పెట్టగలను. ఆ రోజు తెలుగులోనే పెట్టాలనిపించింది.

మర్నాడు పొద్దున తీసుకెళ్లి మధ్యాహ్నం దాటాక బయటికి తెచ్చారట. మత్తు దిగుతుండగా నేను మొదట చేసిన పని దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి పొట్ట తడుముకోవడం. నాలుగు చోట్ల ప్లాస్టర్లు తగిలాయి. బ్యాగ్ లేదు. డాక్టరమ్మ వచ్చి చెప్పింది. తిత్తి తీసేశారు. పేగు మీద అతుక్కున్నవి గీకి తీశారు, పేగుకు ఏమీ కాలేదు. గర్భసంచి, రెండు అండాశయాలూ లోపలే ఉన్నాయి. ఆ మాట నేను ఆవిడ చేత రెండుసార్లు చెప్పించుకున్నాను.

కోలుకోవడం అంత తేలిక కాలేదు. నా మంచం పైది. ఎక్కలేను. అక్క తన కింది మంచం నాకిచ్చి, తను పైకెక్కింది. నా భర్త ఆ వారం తెలిసినవాళ్ల గదిలో ఉంటూ, మా గదిలోకి రావడానికి లేదు కాబట్టి రోజూ మెట్ల దగ్గర నిలబడి, చారూ అన్నం ఉన్న క్యారియర్ అక్క చేతికిచ్చి, నన్ను చూడకుండా వెళ్లిపోయేవాడు. ఎనిమిదో రోజు ఆయన ఐకాడ్‌కి తిరిగి వెళ్లాల్సిన రోజున నేను గోడ పట్టుకుని మెల్లగా కిందికి దిగాను. బిల్డింగ్ ముందు బక్కెట్లు అమ్మే కొట్టు దగ్గర నిలబడి ఇద్దరం టీ తాగాం. నువ్వు మొండిదానివి అన్నాడు. నవ్వితే కుట్లు లాగుతాయి, నవ్వించకండి అన్నాను.

మొదటి నెలసరి భయపెట్టింది, రెండోది కూడా. మూడోసారి డేట్ వచ్చినప్పుడు నేను వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతున్నాను. నొప్పి వచ్చింది. వస్తున్నంతసేపూ, ఇంకా పెరుగుతుంది, ఇంకా పెరుగుతుంది అని కాచుకున్నాను. పెరగలేదు. ఉల్లిపాయలన్నీ తరిగేశాను. ఒక మాత్ర వేసుకుని, కూర దించి, తిన్నాను. ఇంతేనా అందరికీ ఉండేది అని అక్కను అడిగాను. ఇంతేనంది. నాకు మళ్లీ కోపం వచ్చింది. పందొమ్మిదేళ్లపాటు నా నొప్పినీ, ఉల్లిపాయలు తరగనిచ్చే ఈ నొప్పినీ ఒకే గాటన కట్టేశారు కదా అని.

నొప్పి పూర్తిగా పోలేదు. కొన్ని నెలలు కాల్లో లాగుతుంది. మళ్లీ పెరగకుండా డాక్టరమ్మ ఇంకో రకం మాత్రలిచ్చింది, అవి పడుతున్నాయి. ఏడాదికోసారి స్కాన్ ఉంటుంది. మళ్లీ తిత్తి వస్తే అప్పుడు మళ్లీ ఆలోచిస్తాను. అప్పుడు గర్భసంచి తీయడమే మంచిదని తేలితే, తీయించుకుంటాను కూడా. దాని మీద నాకేమీ మమకారం లేదు. నేను పేచీ పెట్టుకున్నది తీయడంతో కాదు.

ఆ పసుపు కాగితం పట్టుకుని అమ్మ టౌనుకి వెళ్లింది. వేరే డాక్టరు దగ్గరికి. ఎముకల పరీక్ష రాయించుకుంది, మందులు మొదలుపెట్టింది. మంటలు కొంచెం నెమ్మదించాయట. అంతటితో ఆగలేదు. వీధిలో ఎవరైనా సంచి తీయించుకోడానికి వెళ్తున్నారని తెలిస్తే వాళ్లింటికెళ్లి, ఏం తీత్తారో అడిగేవా, ఎందుకో అడిగేవా, రాసిమ్మన్నావా అని కూర్చుంటోందట. కొందరు ఆవిణ్ని చూసి తలుపులు దగ్గరగా వేసుకుంటున్నారని పాప చెప్పింది. ఒకామె మాత్రం ఆగి, ఇంకో చోట చూపించుకుంటే మందులతోనే తగ్గిందట. అమ్మ ఆ ఒక్క సంగతీ నాకు నాలుగుసార్లు చెప్పింది.

సెలూన్‌లో నా కుర్చీ ఇంకో అమ్మాయికి ఇచ్చేశారు. వీసా ఇంకో యజమాని కిందికి మార్చుకోవడానికి మేడమ్ అడ్డు చెప్పలేదు, అది ఆవిడ మంచితనమే. పక్క వీధిలో కొత్తగా తెరిచిన సెలూన్‌కి వెళ్లాను. అక్కడి ఓనరమ్మ నా చేత ఒక కనుబొమ తీయించి చూసి, బాగుందంది. ఆరోగ్యం ఎలా ఉంటుంది, సెలవులు ఎక్కువ పెడతావా అని అడిగింది. ఇదివరకైతే, ఏమీ లేదు మేడమ్ అనేదాన్ని.

ఉంది మేడమ్ అన్నాను. జబ్బు పేరు చెప్పాను. ఆపరేషన్ అయిందని చెప్పాను. నెలలో ఒకటి రెండు రోజులు మధ్యలో కూర్చోవాల్సి రావచ్చు, మిగతా రోజుల్లో నా పనికి వంక ఉండదు, ఇష్టమైతే పెట్టుకోండి అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. ఆ తర్వాత, గొంతు తగ్గించి, ఆ డాక్టర్ ఎక్కడ కూర్చుంటుంది అని అడిగింది. చెప్పాను. ఫోన్‌లో రాసుకుంది.

మర్నాడు తొమ్మిదింటికి రమ్మంది. పొద్దున నాకు చెకప్ ఉంది, పదిన్నరకు వస్తానన్నాను. సరేనంది.